మూడు వానాకాలాలు చూసిన ఇత్తడి పట్టాలు

ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పట్టాల మీద నడిచినవాణ్ణి. 1984లో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరాను, రోజూ లైను వెంట నడిచి పట్టాలు చూసే కీమ్యాన్‌గా రిటైరయ్యాను. దేవరకద్ర, కౌకుంట్ల మధ్య రోజూ ఆరేడు కిలోమీటర్లు. భుజాన సుత్తి, స్పానర్, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. రిటైరైన రోజు బూట్లు అటక మీద పడేసి, ఈ జన్మకు ఇక పట్టాల ముఖం చూడనని ఇంట్లో చెప్పాను. ఇప్పుడేమో ప్రతి ఆదివారం ఒక సీతాఫలం తోటలో మోకాళ్ల మీద కూర్చుని 45 ఎం.ఎం. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, సరిగ్గా ఉందా లేదా అని చూస్తున్నాను. మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు.

ఈ సమీక్ష ఆ పట్టాల గురించి. తోటలో నడిపే మోడల్ రైలుకు వేసే ఇత్తడి పట్టాలు, వాటి కింద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ దిమ్మెలు, అంటే స్లీపర్లు, జాయింట్లకు బిగించే క్లాంపులు. పెట్టె విప్పిన రోజే ఐదు నక్షత్రాలు వేసే సమీక్షలు బోలెడు చదివాను. పట్టాకు మార్కులు వేయాలంటే రెండు ఎండాకాలాలైనా చూడాలి. మేం మూడు వానాకాలాలు కూడా చూశాం. కాబట్టి రాయవచ్చు అనుకుంటున్నా.

కంపెనీ పేరు రాయను. ఈ సైజు పట్టాలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎత్తు ఒకటే అయితే ఒకరి పట్టా ఇంకొకరి పట్టాకు అతుకుతుంది. నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు అందరికీ వర్తిస్తుంది.

ముందు తోట సంగతి. మహబూబ్‌నగర్ నుంచి పిల్లలమర్రికి పోయే వైపు, రిటైరైన లెక్కల సారుకు ఎకరంన్నర సీతాఫలం తోట ఉంది. వాళ్లబ్బాయి విదేశం నుంచి వస్తూ మనవడి కోసం ఒక రైలు సెట్టు తెచ్చాడు. మనవడు నాలుగు రోజులు ఆడి వెళ్లిపోయాడు. సారుకు అంటుకుంది. వరండాలో గుండ్రంగా తిరిగిన బండి తోటలోకి దిగింది. గుండ్రం కాస్తా 42 మీటర్ల లైనయింది. ఖర్చు అడిగితే సారు మాట మారుస్తారు గానీ, పట్టాలు, స్లీపర్లు, క్లాంపులు అన్నీ కలిపి లక్షా తొంభై వేల దాకా అయ్యిందని నా అంచనా.

ఆ పని చేసేది మేం ఆరేడుగురం. సారు, నేను, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన తమ్ముడు, ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిలగాడు, తోట చూసుకునే అక్క, స్టేషన్ బోర్డులు రాసే డిగ్రీ అమ్మాయి. మా మనవడు కూడా వస్తాడు కానీ వాడు వచ్చేది సీతాఫలాల కోసం. ఎవరికీ జీతం లేదు. ఛాయ్, ఉప్మా సారు ఇంటి నుంచి వస్తాయి.

మా సీజన్ బతుకమ్మకు మొదలై మాఘ పున్నానికి, మన్యంకొండ జాతరతో ముగుస్తుంది. ఎండాకాలం బంద్. వానాకాలం బంద్. వినాయక చవితి నుంచి బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూల దాకా మూడో నాలుగో ఆదివారాలు దొరుకుతాయి. ఆ నాలుగు ఆదివారాల్లోనే వానాకాలం చేసిన నాశనమంతా బాగుచేసుకోవాలి.

నేను అసలు ఇందులో ఎందుకు ఇరుక్కున్నానో చెప్పాలి. మొదటిరోజు సారు పిలిస్తే బొమ్మ రైలే కదా అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడాయన ఒక లెక్క చెప్పారు. జర్మనీలో న్యూరెంబర్గ్‌లోని లేమన్ అనే బొమ్మల కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో తోటలో నడిచే పెద్ద రైళ్లు తెచ్చిందట. పట్టాల మధ్య మీటరు దూరముండే అక్కడి మీటర్ గేజ్ బండ్లను 22.5 రెట్లు చిన్నవి చేసి 45 ఎం.ఎం. పట్టా మీద పెట్టారట. నేను అక్కడే మట్టిలో పుల్లతో గుణించాను. 45 ఇంటూ 22.5 అంటే 1012. వెయ్యికి పన్నెండు ఎక్కువ. అంటే మీటర్ గేజ్!

నిజాం కాలంలో వేసిన మా సికింద్రాబాద్, గద్వాల లైను మీటర్ గేజే. 1990ల్లో దాన్ని వెడల్పు చేసి బ్రాడ్‌గేజ్ చేశారు. నా మొదటి పదేళ్లు ఆ సన్న పట్టాల మీదే గడిచాయి. వాటిని పీకేసిన గ్యాంగుల్లో నేనూ ఉన్నాను. ఆ రోజు తోటలో కూర్చుని రెండు పట్టాల మధ్య బెత్తెడు కూడా లేని ఆ సందును చాలాసేపు చూశాను. "సారూ, ఒక గడ్డపార ఉంటే ఇప్పించండి" అన్నాను. అంతే.

ఇక పట్టా. గట్టి ఇత్తడి, ఎత్తు 8.4 ఎం.ఎం., అసలు పట్టా లాగే కింద పాదం, పైన తల. స్కేలు ప్రకారం చూస్తే ఎత్తు కొంచెం ఎక్కువే. కానీ మనిషి కాలు పడినా వంగదు, మేక తొక్కినా వంగదు, రెండూ జరిగాయి. మూడేళ్లలో ఒక్క పట్టా తుప్పు పట్టలేదు, ఒక్కటి విరగలేదు. నల్లబడుతుంది, దాని సంగతి తర్వాత చెబుతా. ఇత్తడికి నా మార్కులు ఐదుకు నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానో ఎండ సంగతి దగ్గర తెలుస్తుంది.

కొనేవాళ్లకు ఒక్క మాట. సెట్టుతో పాటు వచ్చే వంపు పట్టాలు తోటలో వాడకండి. పన్నెండు ముక్కలు కలిపితే ఒక గుండ్రం అవుతుంది, రేడియస్ 60 సెంటీమీటర్లు. అసలు కొలతకు పెంచితే పదమూడున్నర మీటర్లు. రైల్వేలో కర్వును డిగ్రీల్లో చెబుతాం, 1750ని మీటర్లలో రేడియస్‌తో భాగిస్తే డిగ్రీ వస్తుంది, డిగ్రీ ఎంత ఎక్కువైతే మలుపు అంత బిగువు. మీటర్ గేజ్‌కు గరిష్ఠంగా 16 డిగ్రీలు. ఈ బొమ్మ కర్వు లెక్క కడితే దాదాపు 130 డిగ్రీలు వచ్చింది! ఏ పీడబ్ల్యూఐ, అంటే పట్టాల ఇన్‌స్పెక్టర్, చూసినా గుండె పట్టుకుంటాడు. బండి తిరుగుతుంది, కాదనను. కానీ పొడుగు బోగీలు మలుపులో బయటకు తోసుకొచ్చి చూడ్డానికి వికారంగా ఉంటాయి, చక్రాలు అరుస్తాయి. మేం ఒకటిన్నర మీటరు పొడుగున్న తిన్నని పట్టాలు విడిగా తెప్పించి, వంచే మిషన్‌తో రెండు మీటర్ల రేడియస్‌కు వంచుకున్నాం. అది 39 డిగ్రీల లెక్క. మీటర్ గేజ్ కన్నా సన్నదైన న్యారో గేజ్‌కు పరిమితి 40 కాబట్టి రూల్సులోనే ఉన్నామని సారుకు సర్టిఫికెట్ ఇచ్చాను. వంపు సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి పాత పద్ధతే: పట్టా లోపలి అంచుకు మీటరు దారం లాగి పట్టుకుని, మధ్యలో దారానికి పట్టాకు ఎంత దూరమో కొలవడం. 62, 63 ఎం.ఎం. రావాలి. ఒకచోట 71 వచ్చింది. బండి సరిగ్గా అక్కడే పడిపోయేది.

నేల సంగతికి వస్తే, అది కంపెనీ తప్పు కాదు, మా తప్పు. మొదటి ఏడాది ఎర్ర చెల్క మీద మొరం పోసి, దాని మీదే లైను వేసేశాం. ఆషాఢం వానకు మొరం కాలువలా పారింది. లైను గాల్లో వేలాడింది. ఆ మరుసటి ఏడాది మా మెకానిక్ తమ్ముడు పట్టుబట్టాడు.

"అన్నా, సిమెంటు పోసి స్క్రూలు కొడుదాం. జన్మల మళ్ల ముట్టే పనుండదు."

"తమ్మీ, పట్టాకు ఊపిరాడాలె. గట్ల బిగిస్తే చచ్చిపోతది."

నా మాట వినలేదు. సారు మధ్యేమార్గంగా ఆరు మీటర్లు సిమెంటు పోయించారు. ప్రతి మూడో స్లీపర్‌కు స్క్రూ. చలికాలమంతా బ్రహ్మాండంగా నడిచింది. సీజనంతా తమ్ముడు నా వైపు చూసి మీసం తిప్పాడు. మేలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి సారు ఫోన్ చేశారు, "మీరొకసారి రండి" అని. వెళ్లి చూస్తే సిమెంటు మీది లైను పాములా మెలికలు తిరిగి ఉంది. నాలుగు స్క్రూలు పీక్కుని పైకి లేచాయి. ఐటీఐ పిలగాడు ఏసీ పనికి వాడే గన్ థర్మామీటర్ పట్టి చూశాడు, పట్టా మీద 61 డిగ్రీలు. సర్వీసులో అసలు లైను మీద బక్లింగ్, అంటే ఎండకు పట్టా ఇలా మెలి తిరగడం, అంటే మాకు ఎంత భయమో చెప్పలేను. ఎండాకాలం మధ్యాహ్నాలు దాని కోసమే స్పెషల్ పెట్రోలింగ్ తిరిగేవాళ్లం. అలాంటిదాన్ని ఆరు మీటర్ల బొమ్మ లైను మీద చూసి, నిజం చెబుతున్నా, నవ్వొచ్చింది. తమ్ముడికి మాత్రం రాలేదు.

ఇత్తడికి అర మార్కు తగ్గించింది ఇందుకే. ఉక్కు కంటే ఇత్తడి ఒకటిన్నర రెట్లకు పైగా సాగుతుంది. మా 42 మీటర్ల లైను డిసెంబర్ తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ మధ్య మూడు సెంటీమీటర్లకు పైనే పెరుగుతుంది. చల్లటి దేశాల్లో కూర్చుని రాసిన సూచనల కాగితంలో దీని గురించి ఒక్క వాక్యం ఉంది. పాలమూరులో అమ్మేటప్పుడు ఒక పేజీ ఉండాలి.

ఇప్పుడు సిమెంటు లేదు. జానెడు వెడల్పు, బెత్తెడు లోతు కాలువ తవ్వి, కింద 12 ఎం.ఎం. కంకర, పైన బేబీ చిప్స్ అనే సన్న కంకరలో క్రషర్ డస్ట్ కలిపి పోశాం. స్కేలు ప్రకారం చూడచక్కగా ఉండాలంటే రెండు మూడు ఎం.ఎం. రాయి కావాలి. అది ఒక్క వానకు కొట్టుకుపోతుంది, చూశాం. గుండ్రటి గులకరాళ్లు అందంగా ఉంటాయని డిగ్రీ అమ్మాయి రెండు బస్తాలు తెప్పించింది. అవి గోలీల్లా జారిపోయాయి. క్రషర్ రాయికి మూలలుంటాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. స్లీపర్ కింద పాత స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ ప్యాకింగ్ చేస్తే గట్టిగా కూర్చుంటుంది, నీళ్లు కిందికి దిగిపోతాయి, ఎండకు లైను అటూ ఇటూ జరగడానికి చోటుంటుంది. ఈ వానాకాలంలో ఒక్కచోటే దిగిపోయింది. అది కూడా వాన పని కాదు, పందికొక్కు. కర్వు కింద నుంచి అటు బొక్క, ఇటు బొక్క. సారు దానికి సొరంగం అని పేరు పెట్టి బోర్డు రాయిద్దామన్నారు. నేను కంకర దట్టించి మూసేశాను.

అసలు ఫిర్యాదు జాయింట్ల మీద. పట్టాలతో పాటు రెండు పట్టాలను కలపడానికి పలుచటి ఇత్తడి రేకులు వస్తాయి. అటొకటి ఇటొకటి తోసేస్తే అయిపోయింది. అసలు లైనులో రెండు పట్టాలను బోల్టులతో కలిపే మా ఫిష్‌ప్లేట్‌కు బొమ్మ తమ్ముడన్నమాట, కానీ బోల్టు లేదు. ఇంట్లో, వరండాలో చక్కగా పనిచేస్తాయి. తోటలో మొదటి వానాకాలం తర్వాత చూద్దుమా, బండి సారు ఇంటి దగ్గర పరుగెడుతుంది, బావి దగ్గరికి వచ్చేసరికి గర్భిణిలా నడుస్తుంది. ఈ బండికి కరెంటు పట్టాల నుంచే వస్తుంది కదా. పిలగాడు మీటరు పెట్టి చూస్తే సప్లై దగ్గర 18 వోల్టులు, బావి దగ్గర పన్నెండున్నర. రేకుల్లోకి తడి, దుమ్ము, చీమల మట్టి చేరి ఒక్కో జాయింట్ దగ్గర కొంచెం కొంచెం తినేస్తున్నాయి. మా లైనుకు 56 జాయింట్లు! రేకులకు ఐదుకు ఒక్క మార్కు. అది కూడా పెట్టెలో ఊరికే వస్తాయి కాబట్టి.

క్లాంపులు వేరే కొనాలి. చిన్న ఇత్తడి దిమ్మె, రెండు స్టీలు స్క్రూలు, పట్టా పాదాన్ని రెండు వైపులా పట్టుకుని బిగుస్తుంది. మాకు ఒక్కోటి 250 రూపాయల దాకా పడింది. 48 కొన్నాం. అంటే పన్నెండు వేలు. చేతి వేలంత ముక్కకు 250 అంటే నాకూ కడుపు మండింది. కానీ బిగించాక బావి దగ్గర మీటరు 17 చూపించింది. రెండు వానాకాలాలు దాటినా 16 కిందికి దిగలేదు. ఐదుకు ఐదు. డబ్బులు తక్కువుంటే బోగీలు తగ్గించుకోండి, క్లాంపులు మాత్రం తగ్గించకండి.

అయితే 56 జాయింట్లకు 48 ఎందుకు? ఇది అమ్మేవాళ్లు చెప్పరు. క్లాంపు బిగిస్తే పట్టా జరగదు. అన్ని జాయింట్లూ బిగిస్తే లైను మొత్తం ఒకే పట్టా. వెల్డింగ్ చేసిన పొడుగు పట్టా లాంటిది. అసలు లైనులో అలాంటివాటి చివర్లో సాగడానికి ప్రత్యేకంగా ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెడతాం. ఇక్కడా అదే చేశాను. నాలుగు చోట్ల, రెండు పట్టాలకూ, అంటే ఎనిమిది జాయింట్లు క్లాంపు లేకుండా వదిలాను. అక్కడ ఆ పనికిరాని రేకే పనికొచ్చింది. కరెంటు కోసం పక్క నుంచి వైరు ముక్క సోల్డరింగ్ చేయించాను. ఎంత సందు వదలాలన్నది ఆ రోజు ఎండను బట్టి ఉంటుంది. పట్టా 40 డిగ్రీలున్న మధ్యాహ్నం వేశాం కాబట్టి 60 దాకా పెరగడానికి లైను మొత్తం మీద 16 ఎం.ఎం. కావాలి. ఒక్కోచోట 3 ఎం.ఎం. చొప్పున 12 వదిలాం, మిగిలిన నాలుగూ కర్వులు పక్కకు జరిగి సర్దుకుంటాయి. సందు కొలవడానికి ఏం వాడామో చెబితే నవ్వకండి, గడువు తీరిన ఏటీఎం కార్డులు. ఒక్కోటి 0.76 ఎం.ఎం. మందం. నాలుగు కలిపితే మూడు. సారు దగ్గర రెండు, నా దగ్గర ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి.

ఆ వదిలేసిన రేకులకు గ్రాఫైట్ రాస్తాం. సర్వీసులో చలికాలం వచ్చిందంటే ఫిష్‌ప్లేట్లు విప్పి గ్రాఫైట్ పూసి మళ్లీ బిగించడం పెద్ద పని. పట్టా సులువుగా జారడానికి. ఇక్కడ గ్రాఫైట్ వల్ల రెండు లాభాలు: పట్టా జారుతుంది, కరెంటూ పోతుంది. ఒక్క పెన్సిల్ ముల్లు అరగదీసిన పొడి నాలుగు జాయింట్లకు సరిపోతుంది.

ఇప్పుడు నలుపు. ఇత్తడి మీద వానాకాలమంతా నల్లటి పొర కడుతుంది. దాని మీద బండి ఎక్కితే చక్రాల కింద మెరుపులే గానీ కదలదు. సీజన్ ముందు 42 మీటర్లూ, రెండు పట్టాలూ రుద్దాలి. నడుము విరిగే పని. దీనికోసం అమ్మే రబ్బరు దిమ్మె తొమ్మిది వందలు. పనిచేస్తుంది, కానీ మా లైనుకు ఒకటిన్నర దిమ్మె అరిగిపోయింది. వంటింటి ఆకుపచ్చ స్క్రబ్బర్‌ను చెక్కకు అంటించి, చెక్కకు గోడలకు రంగు వేసే పొడుగు కర్ర తగిలిస్తే వంగకుండా నిలబడి రుద్దొచ్చు. ఖర్చు డెబ్బై రూపాయలు. దిమ్మె కొనకండి.

తోట అక్క మా కష్టం చూసి రెండేళ్ల కిందట ఒక సలహా ఇచ్చింది.

"గట్ల గీకుడెందుకు సారూ? బిందెలు తోమినట్టు చింతపండు, ఉప్పు పెట్టి తోముండ్రి. అద్దం లెక్క మెరుస్తది."

మెరిసింది. బావి పక్క పది మీటర్లు బంగారంలా ధగధగలాడాయి. అందరం ఫొటోలు దిగాం. మూడో రోజుకు ఆకుపచ్చగా మారి, అంతకు ముందు కంటే పాడైంది. బిందెనైతే తోమి కడిగి ఆరబెడతాం. పట్టా సందుల్లో, స్లీపర్ క్లిప్పుల కింద చేరిన పులుపును ఎవరు కడగాలి? అక్క ఇప్పటికీ ఒప్పుకోదు. మీరు సరిగ్గా తోమలేదు అంటుంది. అంతకన్నా పెద్ద తప్పు నాది. ఒకసారి స్టీల్ పీచుతో రుద్దాను. దాని పోగులు రాలి పట్టా పక్కనే పడ్డాయి. బండి మోటారులో అయస్కాంతం ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. పోగులన్నీ లోపలికి లాక్కుంది. పిలగాడు రెండు సాయంత్రాలు పట్టకారుతో ఏరాడు. ఏమీ అనలేదు, "తాతా, ఇంకోపాలి వద్దే" అన్నాడు.

బండిలోనే బ్యాటరీ పెట్టి రిమోట్‌తో నడిపితే ఈ రుద్దుడు, ఈ క్లాంపులు, ఈ వోల్టులు ఏవీ అక్కర్లేదు. ఇప్పుడు చాలామంది అదే చేస్తున్నారట. పిలగాడు రెండేళ్ల నుంచి అడుగుతున్నాడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని గురించి ఆలోచించండి, ముఖ్యంగా మీ లైను మాకన్నా పెద్దదైతే. మా సారు మాత్రం ఒప్పుకోరు.

స్లీపర్లు ఫరవాలేదు. ఎండకు తట్టుకునే ప్లాస్టిక్ అని పెట్టె మీద రాశారు. ఏడు వందల పైచిలుకు స్లీపర్లలో ఈసారి 23 చోట్ల పట్టాను పట్టుకునే క్లిప్పు విరిగింది. దాదాపు అన్నీ పొద్దంతా ఎండ పడే దక్షిణం వైపే. చెట్ల నీడలో ఉన్నవి కొత్తవాటిలా ఉన్నాయి. మూడు మార్కులు. చెక్కవి చేయిద్దామని తమ్ముడు అన్నాడు, కానీ మా నేలలో చెదలకు అది పెళ్లి భోజనం.

పాయింట్లు, అంటే లైను మార్చే ముక్కలు, రెండున్నాయి. వాటి గురించి ఎక్కువ చెప్పేది లేదు. క్రషర్ డస్ట్ ఇరుక్కుని బిగుసుకుంటాయి, బ్రష్‌తో ఊడిస్తే కదులుతాయి.

ఏ పుస్తకంలోనూ రాయని ఇబ్బంది ఒకటి మాకుంది. సీజన్ మొదలయ్యేది, సీతాఫలాలు పండేది ఒకేసారి. పిల్లలు లైను పక్కన కూర్చుని పండు తింటారు, గింజలు ఊస్తారు. నున్నటి నల్ల గింజ పట్టా తల మీద పడిందంటే ముందు చక్రం లేచినట్టే. పోయిన ఏడాది ఆరుసార్లు బండి పడితే అందులో నాలుగు గింజల కేసులే. ఒకటి నెమలి. స్టేషన్ దీపాన్ని పురుగనుకుని పొడిచి, తోకతో మూడు బోగీలు తుడిచేసింది. ఈసారి చెట్లకు డబ్బాలు కట్టాం, గింజలు అందులో వేయాలని. ప్రతి డబ్బా మీదా డిగ్రీ అమ్మాయి రైల్వే పసుపు రంగు వేసి "ఇక్కడ ఊయండి" అని నల్ల అక్షరాలతో రాసింది. స్టేషన్ బోర్డుల కన్నా అవే బాగా వచ్చాయి.

మొన్న ఆదివారం ట్రయల్ రన్ తీశాం. పొద్దున ఆరున్నరకే వెళ్లి నేను ముందు కాలినడకన, అంటే వంగి, 42 మీటర్లూ చూశాను. సుత్తికి బదులు క్లాంపు స్క్రూలు బిగించే చిన్న ఎలెన్ కీ. క్లాంపులతో వచ్చిన అసలు కీ పోయిన సీజన్‌లోనే గడ్డిలో మాయమైంది, ఇది క్లాక్ టవర్ దగ్గర సైకిల్ షాపులో కొన్న సెట్టులోది. సారు రంగుతో ప్రతి జాయింట్‌కూ నంబరు వేశారు, 1 నుంచి 56. ఖాళీ బండి పదకొండు చుట్లు ఆగకుండా తిరిగింది. పన్నెండో చుట్టులో జామచెట్టు దగ్గర టక్కున ఆగింది. అందరూ నా వైపు చూశారు. మా మనవడు, "తాతా, సిగ్నల్ ఇయ్యలేదేమో" అన్నాడు, నోటి నిండా సీతాఫలం.

సారు ఒక పాత రిజిస్టర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. గీతలు కొట్టి, తేదీ, జాయింట్ నంబరు, చేసిన పని, సంతకం అని గడులు వేసి ఉంచారు. కూర్చుని రాశాను: జాయింట్ 31, క్లాంప్ స్క్రూ వదులు, బిగించాను. బండి 9.40కి పాసయింది.